మీరడిగారు: స్కర్టు కథలో ఇరుక్కుపోయిన ఛాంపియన్

పోయిన నెల ఈ పేజీలో వింటర్ ఒలింపిక్స్ గురించి రాస్తూ థెరెసా వెల్డ్ బ్లాంచార్డ్ అనే పాతకాలం అమెరికన్ ఫిగర్ స్కేటర్ పేరు ఒక్కసారి ఎత్తాను. మంచు ముఖం చూడని ఊళ్ల నుంచి కూడా ప్రశ్నలు వచ్చిపడ్డాయి. అందుకని ఈసారి క్రికెట్‌కి సెలవు. ఐపీఎల్ అభిమానులు ఒక్క వారం ఓపిక పట్టాలి, తప్పదు.

మేడం, 1920 ఒలింపిక్స్‌లో ఒకమ్మాయి గెంతిందని జడ్జీలు తిట్టి మార్కులు కోసేశారని రీల్‌లో చూశాను. మీరు రాసినావిడేనా? ఇది నిజమా, వ్యూస్ కోసం అల్లిందా?
– డిగ్రీ విద్యార్థిని, గుంటూరు

ఆవిడే. అప్పటికి ఇంకా పెళ్లి కాలేదు కాబట్టి థెరెసా వెల్డ్. దగ్గరివాళ్లకి ‘టీ’. బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో, ఏప్రిల్ నెలలో, ఐస్ ప్యాలెస్‌లో జరిగిన పోటీ అది. ఆమె తన ఫ్రీ స్కేటింగ్‌లో, అంటే సంగీతానికి తగ్గట్టు సొంతంగా కూర్చుకున్న ఆటలో, సాల్కౌ అనే గెంతు వేసింది. వెనక్కి జారుతూ ఒక కాలి లోపలి అంచు మీంచి లేచి, గాల్లో ఒక చుట్టు తిరిగి, రెండో కాలి బయటి అంచు మీద వెనక్కే దిగాలి. ఇవాళ పదేళ్ల పిల్లలు వార్మప్‌లో వేసేస్తారు. ‘ఇది ఆడపిల్లలు చేసే పని కాదు, స్కర్టు మోకాళ్ల దాకా లేస్తుంది’ అని జడ్జీలు మందలించారన్నది స్కేటింగ్ చరిత్రకారులందరూ చెప్పే మాటే. మార్కులు ఇన్ని పోయాయి, అన్ని పోయాయి అని లెక్క చెప్పేవాళ్లు మాత్రం సొంత పైత్యం కలుపుతున్నారు.

ఆ రీల్ ఎక్కడితో ఆగిపోయిందో నువ్వు చెప్పకపోయినా ఊహించగలను. గెంతింది, తిట్లు తింది, అయిపోయింది. ఆ తిట్లు తిన్న పోటీలోనే ఆమెకి కాంస్యం వచ్చింది. స్వీడన్‌కి చెందిన మాగ్దా జులిన్‌కి స్వర్ణం, స్వియా నోరెన్‌కి రజతం. మంచు ఆటల్లో ఒలింపిక్ పతకం గెలిచిన తొలి అమెరికన్ మహిళ థెరెసానే. పతకం సంగతి వదిలేసి స్కర్టు సంగతి పట్టుకుంటే ఎలా?

సాల్కౌ అన్నది ఆ గెంతు కనిపెట్టిన ఉల్రిక్ సాల్కౌ అనే స్వీడన్ మగ ఛాంపియన్ పేరు. ఆయన 1909లో మొదటిసారి వేసినప్పుడు ప్యాంటు గురించి ఎవరూ మాట్లాడినట్టు లేదు.

ఏప్రిల్‌లో వింటర్ ఒలింపిక్సా? అచ్చుతప్పు కాదు కదా!
– అనంతపురం

కాదు. 1920లో వింటర్ ఒలింపిక్స్ అనేవే లేవు. స్కేటింగ్‌నీ ఐస్ హాకీనీ వేసవి ఒలింపిక్స్‌లోనే కలిపి, మిగతా ఆటలకంటే నెలల ముందు కానిచ్చేశారు. విడిగా వింటర్ గేమ్స్ మొదలైంది 1924లో, ఫ్రాన్స్‌లోని షామొనీలో. దానికీ ఈవిడ వెళ్లింది.

ఒక పాత ఫొటోలో కోట్లు వేసుకున్న పెద్దమనుషులు మంచు మీద నడుం వంచి ఏదో వెతుకుతున్నారు. ఉంగరం పడిపోయిందా ఏమిటి?
– రిటైర్డ్ లెక్కల మాస్టారు, విజయనగరం

మాస్టారూ, నవ్వించారు. వాళ్లు జడ్జీలు. అక్కడ వాళ్లు చూస్తున్నది మీ సబ్జెక్టే, వృత్తాలు.

స్కేటు బ్లేడు అడుగున నిలువునా సన్నటి గాడి ఉంటుంది. దానివల్ల ఒక్కో బ్లేడుకీ లోపల ఒకటి, బయట ఒకటి, రెండు అంచులు. ఒంటి కాలి మీద నిలబడి ఒళ్లు ఒక పక్కకి వాల్చితే ఆ అంచు మంచుని కోస్తూ వంకర గీత గీస్తుంది. పోటీదారు ఖాళీ మంచు మీద ఒకచోట కదలకుండా నిలబడి, ఒక్క తోపుతో బయల్దేరి, ఒక కాలి మీద పూర్తి వృత్తం వేసి, సరిగ్గా బయల్దేరినచోటికి రావాలి. అక్కడ కాలు మార్చి రెండో వృత్తం. మొత్తం ఎనిమిది అంకె. దాని మీదే మళ్లీ రెండుసార్లు తిరగాలి. మూడు గీతలూ ఒక్క గీతలా కనిపిస్తే దిట్ట. మెలికల ముగ్గుని చేత్తో కాకుండా పాదంతో, అదీ ఒంటికాలి మీద జారుతూ వేయమంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఇది మొదటి మెట్టు మాత్రమే. తర్వాత వృత్తం మధ్యలో కాలు మార్చకుండానే దిశ మార్చడాలు, లోపల చిన్న చిన్న చుట్లు, ఇంకా చాలా.

గీసింది అయ్యాక స్కేటర్ పక్కకి తప్పుకుంటుంది. జడ్జీలు వచ్చి వంగి ఆ గీతని చూస్తారు. అంచు ఎక్కడైనా తడబడి రెండు గీతలు పడ్డాయా, వృత్తం కోడిగుడ్డయిందా, తిరిగినచోట మంచు చెదిరిందా? థెరెసా రోజుల్లో సింగిల్స్ మార్కుల్లో పెద్ద వాటా ఈ గీతలదే. సంగీతం, గెంతులు, అందం అన్నీ కలిపినా తక్కువే. అంతర్జాతీయ పోటీల్లోంచి ఇది 1990లో పోయింది. టీవీలో చూడ్డానికి ఇంతకంటే విసుగు పుట్టించే ఆట ఇంకోటి లేదు, నిజమే. కానీ మొహం మీద నవ్వు పులుముకుని, మెరుపుల బట్టలు వేసుకుని జడ్జీలని మాయ చేసే వీలు లేదు అందులో. గీత అబద్ధమాడదు. అది పోయిందని నాకు ఇప్పటికీ కాస్త బాధే.

తొమ్మిదిసార్లు జంట టైటిల్ గెలిచారని రాశారు. ఆ నైల్స్ గారు ఆవిడ భర్తేనా?
– గృహిణి, నరసరావుపేట

కాదమ్మా. భర్త పేరు చార్లెస్ బ్లాంచార్డ్. 1920లో పెళ్లి. మంచు మీద జోడీ నథానియెల్ నైల్స్. ఈ ప్రశ్న మీ ఒక్కరిదే కాదు, ఇంకో ముగ్గురు అడిగారు. అడగడంలో తప్పేం లేదు. అప్పటి పెద్ద జోడీల్లో చాలామంది మొగుడూపెళ్లాలే. ఆంట్‌వెర్ప్‌లో జంటల స్వర్ణం గెలిచిన ఫిన్లండ్ వాళ్లు లుడోవికా, వాల్టర్ జాకబ్సన్ దంపతులు. రజతం తెచ్చుకున్న నార్వే వాళ్లు అలెక్సియా, యింగ్వార్ బ్రిన్ కూడా అంతే. టీ, నైల్స్ నాలుగో స్థానంలో ఆగిపోయారు.

నైల్స్ సామాన్యుడు కాదు. టీ కన్నా ఏడేళ్లు పెద్ద. ఇద్దరిదీ బోస్టన్ ప్రాంతమే. స్కేటింగ్‌లోకి రాకముందే టెన్నిస్‌లో పేరుంది, 1908లో ఎడిత్ రోచ్‌తో కలిసి అమెరికా జాతీయ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచాడు. స్కేటింగ్‌లో మగవాళ్ల సింగిల్స్ జాతీయ టైటిల్ మూడుసార్లు, 1918, 1925, 1927ల్లో. టీతో కలిసి జంటల టైటిల్ 1918లో ఒకసారి, మళ్లీ 1920 నుంచి 1927 దాకా ఏటా. మధ్యలో 1919లో అసలు పోటీలే జరగలేదు, లేకపోతే అదీ వీళ్లదేనేమో.

మూడు ఒలింపిక్స్ కలిసి ఆడారు. ఇద్దరూ సింగిల్స్‌లో విడివిడిగా, జంటల్లో కలిసి. అంటే ఒకే ఒలింపిక్స్‌లో ఒక్కొక్కరికీ రెండేసి పోటీలు. ఇప్పటి కోచ్‌లు వింటే బీపీ మాత్ర వేసుకుంటారు.

పెయిర్స్, ఐస్ డాన్స్ రెండూ జంటలే కదా? తేడా ఏంటో టీవీలో చూస్తే అర్థం కాదు. ఆవిడ రెండూ ఆడారా?
– ఉద్యోగిని, కరీంనగర్

రెండూ ఆడింది, గెలిచింది కూడా. తేడా పట్టుకోవడానికి ఒక చిట్కా చెప్తాను. అతను ఆమెని తల మీదికి ఎత్తినా, గాల్లోకి విసిరినా అది పెయిర్స్. ఇద్దరూ విడిపోకుండా, సంగీతం తాళానికి అడుగులు వేస్తూ తిరుగుతుంటే ఐస్ డాన్స్. డాన్స్‌లోనూ ఎత్తడాలున్నాయి కానీ తల మీద దాకా పోకూడదు. విసరడాలు లేవు.

ఇది నేటి సంగతి. టీ కాలంలో గీత ఇంత స్పష్టంగా లేదు. అప్పటి పెయిర్స్‌లో పక్కపక్కన ఒకేలా జారడం, చేతులు పట్టుకుని ఒంటికాలి మీద పొడుగాటి వంపులు తీయడం, చిన్నపాటి లిఫ్టులు, అంతే. ఎత్తి తిప్పే ఊపు తెచ్చింది ఫ్రాన్స్ జోడీ ఆంద్రే జోలీ, పియెర్ బ్రూనే. 1928, 1932 ఒలింపిక్ స్వర్ణాలు వాళ్లవి. టీ, నైల్స్‌ది అంతకుముందు తరం ఆట. వాళ్ల గొప్పంతా ఇద్దరి అంచులూ ఒకే లోతులో, ఒకే వేళకి వాలడంలో ఉండేది.

డాన్స్ సంగతికొస్తే, అప్పుడు పోటీ అంటే వాల్ట్జ్. హాల్లో డాన్సు చేసినట్టే ఒకరి నడుం మీద ఒకరు చెయ్యి వేసుకుని, బ్యాండు వాయిస్తుంటే మంచు చుట్టూ తిరగాలి. అసలు కష్టమంతా ఆమెది, అతనిది అడుగులు వేర్వేరు కావడంలో ఉంది. అతను ముందుకి వస్తుంటే ఆమె వెనక్కి జారాలి, మలుపు దగ్గర ఇద్దరూ తారుమారవ్వాలి. మోకాలు మోకాలికి తగలకూడదు, తాళం తప్పకూడదు. ఒకరి బ్లేడు ఇంకొకరి బ్లేడు మీద పడిందంటే ఇద్దరూ నేల మీదే. ‘కాలు జారితే తీసుకోవచ్చు’ అన్న మనవాళ్లు ఈ ఆట చూసి ఉండరు.

1914 మార్చిలో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్‌లో అమెరికా మొట్టమొదటి జాతీయ పోటీలు పెట్టారు. టీకి ఇరవై ఏళ్లు. మహిళల సింగిల్స్ గెలిచింది. నైల్స్‌తో వాల్ట్జ్ గెలిచింది. పెయిర్స్‌లో మాత్రం కెనడా జోడీ జీన్ షెవాలియే, నార్మన్ స్కాట్ ముందు నిలవలేక రెండో స్థానం. ఒక్క పోటీల్లో రెండు టైటిళ్లు, ఒక రెండో స్థానం. ఇలాంటివి కనపడితే మా డెస్క్‌లో శీర్షిక పట్టక గోల పెట్టేవాళ్లం.

ఐస్ డాన్స్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1976లో, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో. వాల్ట్జ్ గెలిచిన అరవై రెండేళ్లకి! టీ అప్పటికి బతికే ఉంది. 1978 మార్చిలో, 84 ఏళ్ల వయసులో పోయింది.

ఒలింపిక్స్‌లో ఒక్క కాంస్యం. తర్వాత 4, 6, 9, 10 స్థానాలు. ఇంత పొగడ్త దేనికండీ? మన పీటీ ఉష గారికి నాలుగో స్థానం వస్తే ఇప్పటికీ ఏడుస్తున్నాం, ఈవిడకి సన్మానమా?
– బ్యాంకు ఉద్యోగి, వరంగల్

చురక బాగానే వేశారు. లెక్కలు కూడా సరిగ్గానే ఉన్నాయి. షామొనీలో సింగిల్స్‌లో నాలుగు, జంటల్లో ఆరు. 1928లో సెయింట్ మోరిట్జ్‌లో సింగిల్స్‌లో పది, జంటల్లో తొమ్మిది. ఇంట గెలిచింది, రచ్చ గెలవలేదు. కాదనను. సింగిల్స్‌లో ఇంట్లో కూడా చివరికి నిలవలేదు. 1914, మళ్లీ 1920 నుంచి 1924 దాకా ఆరు టైటిళ్లు గెలిచాక బియాట్రిక్స్ లాఫ్రన్ వచ్చి తీసుకుపోయింది. షామొనీలో రజతం కూడా ఆ లాఫ్రన్‌దే. అదే షామొనీలో సోన్యా హెనీ అనే పదకొండేళ్ల నార్వే పాప అందరికంటే ఆఖరున వచ్చింది. నాలుగేళ్లకి ఆ పాపే ఒలింపిక్ ఛాంపియన్, పొట్టి స్కర్టులో, గెంతులతో సహా. అప్పటికి టీకి 34 ఏళ్లు. అయినా పోటీకి దిగింది.

ఇక పొగడ్త దేనికంటారా? నా కారణం పతకాల పట్టికలో దొరకదు.

1921లో అమెరికా స్కేటింగ్ సంఘం ఏర్పడింది. తొలి అధ్యక్షుడు టీ తండ్రి విన్సర్ వెల్డ్. పలుకుబడి ఉన్న ఇల్లు, డబ్బున్న ఇల్లు, అది దాచాల్సిన పని లేదు. ఆ రోజుల్లో మంచు ఆట పేదవాళ్లది కాదు. 1923లో టీ, నైల్స్ కలిసి ‘స్కేటింగ్’ అనే పత్రిక మొదలుపెట్టారు. అప్పటికి ఆమె ఇంకా జాతీయ ఛాంపియనే. మరుసటి ఏడాది ఒలింపిక్స్ ఉన్నాయి. ఆ సమయంలో పత్రిక పెట్టుకోవడమంటే నెత్తిన కొలిమి పెట్టుకోవడమే. 1932లో నైల్స్ చనిపోయాడు. ఆమె ఆపలేదు. 1963 దాకా సంపాదకత్వం ఆమెదే. నలభై ఏళ్లు!

నేను రిటైరయ్యేదాకా స్పోర్ట్స్ డెస్క్‌లోనే ఉన్నాను కాబట్టి నాకు ఈ నలభై ఏళ్ల మాట దగ్గర గుండె ఆగుతుంది. ఆటల పత్రికలో పనంటే మీకు తెలియనిది చెప్తాను. ఎక్కడో ఒక చిన్న క్లబ్బు పోటీ జరుగుతుంది. ఫలితాలు పంపేవాడు ఇంటిపేర్లు తప్పు రాస్తాడు. రెండో స్థానం వచ్చిన పిల్ల పేరు వదిలేస్తాడు. మొత్తం దిద్ది, వేసి, ప్రూఫు చూసి పంపితే, ‘మా అమ్మాయి ఫొటో చిన్నగా వేశారేం’ అని తండ్రి ఫోను. రూల్సు మారితే అందరికీ అర్థమయ్యేలా రాయాలి. అన్నిటికీ మించి, పత్రిక చెప్పిన తేదీకి రావాలి. ఇదంతా ఎవరూ చప్పట్లు కొట్టని పని. ఇవాళ 1914లో వాల్ట్జ్ ఎవరు గెలిచారో, 1926లో జంటల్లో ఎవరున్నారో చరిత్రకారులు ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నారంటే, అలాంటి పత్రికల పుణ్యం అందులో చాలా ఉంది. గీతలు గీయడమూ తెలిసినావిడే, గీతలు చెరిగిపోకుండా చూసిందీ ఆవిడే.

ఇంకొకటి. టీ, నైల్స్ చేతిలోంచి 1928లో జంటల కిరీటం తీసుకున్న అమ్మాయి మేరిబెల్ విన్సన్, తోర్న్‌టన్ కూలిడ్జ్‌తో కలిసి. ఆమె తర్వాత గొప్ప కోచ్ అయ్యింది. 1961 ఫిబ్రవరి 15న ప్రపంచ పోటీల కోసం ప్రాగ్ వెళ్తున్న అమెరికా జట్టు విమానం బ్రసెల్స్ దగ్గర కూలిపోయింది. జట్టులోని 18 మంది స్కేటర్లూ పోయారు. కోచ్‌గా విన్సన్, ఆమె కూతుళ్లిద్దరూ అందులోనే. చిన్న కూతురు లారెన్స్ ఓవెన్‌కి పదహారేళ్లు, ఆ ఏడాది జాతీయ ఛాంపియన్. అప్పుడు ‘స్కేటింగ్’ సంపాదకురాలి కుర్చీలో టీ ఉంది. వయసు 67. తెలిసిన మనుషుల పేర్లు నల్ల బోర్డరు మధ్య పేర్చాల్సి రావడం ఏమిటో డెస్క్ మీద పనిచేసినవాళ్లని అడగండి.

1976లో అమెరికా స్కేటింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదలైనప్పుడు తొలి జాబితాలో ఆమె పేరుంది. ఆ సన్మానం తొమ్మిదో స్థానానికి అని మీరనుకుంటే నేనేం చేయలేను. ఉష గారి విషయంలో మాత్రం నేను మీ పార్టీయే. సెకనులో నూరోవంతు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

మా పాప రెండేళ్లుగా రోలర్ స్కేటింగ్ నేర్చుకుంటోంది. ఇప్పుడు డాన్స్, పెయిర్స్ అంటోంది. మన దగ్గర అలాంటివున్నాయా? ఐస్ మీదికి మారొచ్చా? టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, కాకినాడ

టెన్షన్ అక్కర్లేదమ్మా. ముందు ఒక పని చేయండి. పాప నేర్చుకుంటున్న చోట స్పీడ్ నేర్పుతున్నారా, ఆర్టిస్టిక్ నేర్పుతున్నారా అడగండి. మన ఊళ్లలో చాలాచోట్ల స్పీడే. డాన్స్, పెయిర్స్ ఆర్టిస్టిక్ కిందికి వస్తాయి. దానికి బూటు వేరు, నేర్పే పద్ధతి వేరు. మీరు స్పీడ్ స్కేట్లు కొనేసి ఉంటే దాంతో కుదరదు. కొత్తవి కొనేముందు కోచ్‌ని ఒప్పించి పాత జత ఎవరిదైనా అడిగి వారం వేయించి చూడండి. బూటు చీలమండ దగ్గర గట్టిగా పట్టుకోవాలి. పెరిగే పిల్లలని ఒక సైజు పెద్దది కొనకండి, అంచు మీద వాలడం రాదు.

మన దగ్గర ఆ దారిలో పోయినవాళ్లు లేకపోలేదు. హైదరాబాదీ అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఫ్రీ స్కేటింగ్‌లో కాంస్యం తెచ్చాడు, అవనీ పంచాల్‌తో కలిసి పెయిర్స్‌లోనూ కాంస్యం తెచ్చాడు. 2015లో అర్జున అవార్డు. సింగిల్స్, పెయిర్స్ రెండూ! టీ, నైల్స్ దారే. పైన మాస్టారికి చెప్పిన గీతలున్నాయే, అవి ఐస్ మీద పోయినా రోలర్‌లో ఇంకా మిగిలాయి. నేల మీద రంగుతో గీసిన వృత్తాల మీద చక్రాలు నడిపించాలి. పాపకి విసుగొచ్చినా ఇది మాన్పించకండి.

ఐస్‌కి మారడం కుదురుతుంది. బ్యాలెన్స్, చుట్టు తిరగడం, పడటం నేర్చుకోవడం, ఇవన్నీ పనికొస్తాయి. ఆగడం మాత్రం మొదట్నుంచి నేర్చుకోవాలి, ఎందుకంటే ఐస్ స్కేటు బ్లేడుకి ముందు కొసన ఉండే పళ్లతో బ్రేకు వేద్దామని చూస్తే బోర్లా పడతారు. అసలు ఇబ్బంది మంచు. డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా వింటర్ గేమ్స్ కోసం కట్టిన రింకు ఉంది, గురుగ్రామ్‌లో ఒక మాల్‌లో ఉంది. కాకినాడ నుంచి రెండూ దూరమే. పాప చదువు, మీ ఖర్చు చూసుకుని, ముందు ఏడాదిపాటు చక్రాల మీదే ఆర్టిస్టిక్ గట్టిపడనివ్వండి. ఎండాకాలం సెలవుల్లో ఒక పది రోజులు ఐస్ మీద పెట్టి చూడొచ్చు. వెళ్లేముందు ఫోన్ చేసి రింకు నడుస్తోందో లేదో కనుక్కోండి, కరెంటు బిల్లు చూసి మూసేసిన సందర్భాలూ ఉంటాయి.